ఏడాది తప్పకుండా రాసినవారు, ఏళ్ళ తరబడి ఆగినవారు

ఇది కొంచెం పెద్ద పోస్టు. ఒక విడతలో కుదరకపోతే రెండు విడతలుగా చదవండి, కానీ చివరిదాకా చదవండి. చివర్లో మీ అభిప్రాయం అడుగుతున్నాం.

సెప్టెంబరు 10 వస్తోంది. సి.ఆర్. రావు గారి పుట్టినరోజు. ఏటా మాదిరిగానే ఈసారి కూడా మన గ్రూపుల్లో ఆయన ఫొటో, దాని కింద "300కు పైగా పరిశోధన పత్రాలు, 102 ఏళ్ళ జీవితం" అన్న మాటలు తిరుగుతాయి. మనకు గర్వమే. ఆయన పుట్టింది మన పక్కనే, హూవిన హడగలిలో. 1920లో ఆ ఊరు మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి. హడగలి మైసూరు వైపు ఉండిపోయింది. ఇప్పుడది విజయనగర జిల్లా. మల్లెపూలకు పేరుపడ్డ ఆ ఊళ్ళో ఒక తెలుగు పోలీసు అధికారి ఇంట్లో, పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడుగా ఆయన పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు కలిసేలా రాధాకృష్ణ అని పెట్టుకున్నారు.

ఈ ఏడు మన సంఘం తరఫున యువ పరిశోధకులకు ఒక చిన్న బహుమతి మొదలుపెడదామని అనుకున్నాం కదా. దాని షరతుల చిత్తుప్రతి తయారైంది. అందులో మూడో షరతు ఇలా ఉంది: "దరఖాస్తుదారు గత 5 సంవత్సరాలలో ఏ ఒక్క సంవత్సరమూ ఖాళీ లేకుండా కనీసం ఒక పరిశోధన పత్రం ప్రచురించి ఉండాలి." ఇది పెట్టిన పెద్దల ఉద్దేశం మంచిదే. నిలకడగా పనిచేసేవాళ్ళకు డబ్బు వెళ్ళాలని, మొహమాటాలకు తావుండకూడదని. రావు గారి పేరు మీద ఇచ్చే బహుమతి రావు గారిలాగా ఎడతెగకుండా పనిచేసేవాళ్ళకే దక్కాలని వాళ్ళ వాదన. ఈ వాదనను చరిత్ర ముందు పెట్టి చూద్దామని ఈ వ్యాసం.

ముందు రావు గారి సంగతే చూద్దాం. తండ్రి బదిలీల వల్ల గూడూరు, నూజివీడు, నందిగామ అంటూ బళ్ళు మారుతూ చివరికి విశాఖపట్నం చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎం.ఏ. చేశారు. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదని ఆయన పెద్దవయసులో కూడా తలచుకునేవారు. ఎం.ఏ. తరువాత విశాఖలోనే పరిశోధన చేద్దామనుకుంటే, దరఖాస్తు గడువు దాటాక అందిందని వేతనం రాలేదు. అది యుద్ధకాలం. సైన్యపు సర్వే విభాగంలో లెక్కలు తెలిసినవాళ్ళు కావాలంటే ఆ ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఉద్యోగం రాలేదు గానీ, అక్కడ మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది. 1941 జనవరిలో అందులో చేరారు. అంటే, ఒక షరతు దగ్గర ఆగిపోయిన కుర్రవాడు ఇంకొక గుమ్మం తెరిచి ఉండబట్టి లోపలికి వెళ్ళాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

చేరిన ఏడాదే పేపర్లు మొదలయ్యాయి. 1944లో క్లాసులో ఫిషర్ సిద్ధాంతం చెబుతుంటే వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి లేచి ఒక ప్రశ్న వేశాడు. ఈయనే తరువాత పుణెలో పెద్ద ఆర్థికశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నారు. నమూనా చాలా పెద్దదైతే ఈ సూత్రం పనిచేస్తుంది సరే, చిన్న నమూనాకు ఏమిటి దారి? ఇదీ ప్రశ్న. రావు గారు ఆ రాత్రి కూర్చుని సమాధానం తేల్చారు. అది 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో 11 పేజీల పేపరుగా వచ్చింది. ఆయన వయసు అప్పటికి 25. ఈరోజు ప్రపంచంలో ఏ స్టాటిస్టిక్స్ విద్యార్థి అయినా చదివే క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ ఆ ఒక్క పేపరులోనివే. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించింది కూడా ప్రధానంగా ఆ పేపరుకే. మధ్యలో 78 ఏళ్ళు గడిచాయి. అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు.

ఆ 78 ఏళ్ళలో ఆయన ఆగలేదన్నది నిజం. 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతల మీద పనిచేస్తూనే ఫిషర్ దగ్గర పిహెచ్.డి. చేశారు. 1947లో ఆర్థోగోనల్ అర్రేలు, 1948లో స్కోర్ టెస్టు, 1952లో మొదటి పెద్ద పుస్తకం, 1965లో ఇప్పటికీ చదివే పాఠ్యగ్రంథం, 1971లో ఎస్.కె. మిత్రాతో కలిసి మాత్రికల విలోమాల మీద పుస్తకం. 60 దగ్గరపడ్డాక, అందరూ పింఛను లెక్కలు వేసుకునే వయసులో, 1979లో అమెరికా వెళ్ళి పిట్స్‌బర్గ్‌లోను, తరువాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలోను ఇంకో రెండు దశాబ్దాలు పనిచేశారు. 81వ ఏట ఆ ఉద్యోగం విరమించారు. ఆ తరువాత కూడా రాశారు.

మరి అందరూ ఇలాగే ఉండాలనడం న్యాయమా? దానికి ముందు, ఇలా ఉండేవాళ్ళు ఎంతమంది అన్నది చూడాలి. శాస్త్ర పత్రికలు పుట్టింది 1665లో, పారిస్‌లో ఒకటి, లండన్‌లో ఒకటి. ఎవరు ఎన్ని పేపర్లు రాశారు అన్న లెక్కను ఒక సూత్రంగా తేల్చడానికి మాత్రం ఇంకో రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టింది. 1926లో ఆల్ఫ్రెడ్ లోట్కా అనే అమెరికన్ ఒక పని చేశాడు. రసాయనశాస్త్ర పేపర్ల సూచిక తీసుకుని, 1907 నుంచి 1916 దాకా ఎ, బి అక్షరాలతో మొదలయ్యే పేర్లున్నవాళ్ళు ఒక్కొక్కరు ఎన్ని పేపర్లు రాశారో లెక్కపెట్టాడు. భౌతికశాస్త్రానికి ఇంకో పట్టిక తీసుకున్నాడు. తేలింది ఏమంటే, ఒక్క పేపరు రాసినవాళ్ళు 100 మంది ఉంటే, రెండు రాసినవాళ్ళు 25 మంది, మూడు రాసినవాళ్ళు 11 మంది, నాలుగు రాసినవాళ్ళు 6 మంది, అయిదు రాసినవాళ్ళు 4 మంది. సంఖ్య పెరిగేకొద్దీ దాని వర్గం చొప్పున మనుషులు తగ్గిపోతారు. మొత్తం మీద చూస్తే పేరు అచ్చయినవాళ్ళలో దాదాపు 60 శాతం ఒక్క పేపరుతోనే సరి.

లోట్కా లెక్కపెట్టింది మొత్తం ఎన్ని అని. ఏడాది తప్పకుండా రాసినవాళ్ళు ఎంతమంది అన్న లెక్క 2014లో వచ్చింది. జాన్ అయోనిడిస్ అనే స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు, ఇంకో ఇద్దరు కలిసి 1996 నుంచి 2011 దాకా 16 ఏళ్ళ ప్రచురణల భాండాగారాన్ని జల్లెడ పట్టారు. ఆ కాలంలో ఏదో ఒక పేపరు మీద పేరున్నవాళ్ళు 1,51,53,100 మంది. 16 ఏళ్ళలో ఒక్క ఏడాది కూడా వదలకుండా ప్రతి ఏటా కనీసం ఒక పేపరు వేసినవాళ్ళు 1,50,608 మంది. నూటికి ఒక్కరు కూడా లేరు. మనం మూడో షరతులో అడుగుతున్నది అయిదేళ్ళే కావచ్చు, కానీ అడుగుతున్న గుణం మాత్రం ఇదే.

ఇందులో రెండో సగం కూడా చెప్పాలి, లేకపోతే ఒకవైపే చెప్పినట్టవుతుంది. ఆ నూటికి ఒక్కరి పేర్లు మొత్తం పేపర్లలో 41.7 శాతం మీద ఉన్నాయి. వెయ్యికి మించి ఉటంకింపులు పొందిన పేపర్లలో అయితే 87.1 శాతం మీద ఉన్నాయి. కాబట్టి నిలకడ అన్నది ఉత్తమాట కాదు. ఎడతెగకుండా రాసేవాళ్ళ దగ్గర పెద్ద పని కూడా ఎక్కువగానే కనిపిస్తుంది. మూడో షరతు పెట్టిన పెద్దలు ఈ అంకె చూపిస్తే మేము కాదనం.

అయితే ఈ అంకెను ఎలా చదవాలి అన్నదే అసలు విషయం. ఏటా పేరు కనిపించాలంటే ఏం కావాలి? సొంత బుర్ర, శ్రమ కావాలి, సరే. వాటితోపాటు స్థిరమైన ఉద్యోగం, ప్రయోగశాల, నిధులు, చేతికింద పనిచేసే విద్యార్థులు కావాలి. పదిమంది విద్యార్థులున్న ప్రొఫెసరు పేరు ఆ పదిమంది పేపర్ల మీదా ఉంటుంది. ఒక విద్యార్థికి ఒక ఏడు ఖాళీ పోయినా ప్రొఫెసరుకు ఖాళీ పోదు. లోట్కా లెక్కలోని ఆ 60 శాతం మందిలో ఎంతోమంది ఇలాంటి విద్యార్థులే. ఒక పేపరు మీద పేరు పడి, తరువాత బడిపంతుళ్ళుగానో, కంపెనీ ఉద్యోగులుగానో, ఇల్లాళ్ళుగానో వెళ్ళిపోయినవాళ్ళు. పెద్దాయన నిలకడ అనే గోడలో వీళ్ళు ఇటుకలు.

రావు గారి విషయంలోనూ ఇది చూడాలి. ఆయన గొప్పతనం తగ్గించడానికి కాదు, ఆ గొప్పతనం ఏ నేలలో పెరిగిందో తెలుసుకోవడానికి. మహలనోబిస్ కట్టిన సంస్థ ఉంది. ఆ సంస్థకు 1933 నుంచి 'సాంఖ్య' అని సొంత పత్రిక ఉంది. సర్వేల నుంచి, వ్యవసాయ ప్రయోగాల నుంచి, మనుషుల కొలతల నుంచి ఎప్పటికప్పుడు కొత్త ప్రశ్నలు వచ్చిపడుతుండేవి. దాండేకర్ లాంటి విద్యార్థులు ఉన్నారు. 1941లో కలకత్తా గుమ్మం మూసి ఉంటే ఈ వరస ఎలా నడిచేదో ఎవరు చెప్పగలరు? నిలకడ మనిషిలో సగం, మనిషి నిలబడిన చోటులో సగం.

ఇక రెండో రకం వాళ్ళు. ఇక్కడ కూడా మన మనిషితోనే మొదలుపెడతాం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు, మద్రాసులో వైద్యం చదివారు. అమెరికాలో హార్వర్డ్‌లో ఉండగా 1925లో ఫిస్కేతో కలిసి శరీరద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఇచ్చారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ సంగతి బయటపెట్టారు. ఆ పద్ధతి పేరు ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో వినిపిస్తుంది. హార్వర్డ్‌లో స్థిరమైన స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు మారారు. ఫోలిక్ యాసిడ్, దాని విరుగుడుగా పనిచేసి 1948లో పిల్లల రక్తకేన్సరుకు వాడిన అమినోప్టెరిన్, టెట్రాసైక్లిన్ల జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్, బోదకాలుకు వాడే డై ఇథైల్ కార్బమజైన్. ఇవన్నీ ఆయన నడిపించిన ప్రయోగశాలల నుంచి, 1948లో ఆయన చనిపోయేలోపు వచ్చినవే.

కానీ ఆ ఏళ్ళలో వచ్చిన ముఖ్యమైన పేపర్లలో ఎన్నింటి మీదో ఆయన పేరు ఉండదు. కంపెనీ పని అంటే పేటెంట్లు, జట్లు. ఆయనకు పేరు పెట్టించుకునే అలవాటు కూడా తక్కువ. పేపర్ల పట్టిక ఒక్కటే చూస్తే, హార్వర్డ్‌లో బాగా రాసి తరువాత జోరు తగ్గిన మనిషి అనిపిస్తారు. గంజాం, పూరీ వైపు ఉన్న మనవాళ్ళకు, యానాం, గోదావరి మనుషులకు బోదకాలు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఇంటింటికీ వచ్చి కళ్ళముందే మింగించే ఆ మాత్ర, ఆ "జోరు తగ్గిన" ఏళ్ళ పంట. మన మూడో షరతు ముందు సుబ్బారావు గారి దరఖాస్తు నిలబడేదా అన్నది మీరే ఆలోచించండి.

బయటి దేశాల పేర్లు కూడా రెండు మూడు చెబుతాం. బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల రంగులు చూసి జన్యువులు చోటు మారగలవని కనిపెట్టారు. వినేవాళ్ళు సరిగా పట్టించుకోకపోయేసరికి 1953 తరువాత ఆ విషయం మీద వివరంగా అచ్చు వేయడం దాదాపు మానేశారు. పని మాత్రం మానలేదు. 1983లో నోబెల్ వచ్చింది. పీటర్ హిగ్స్ 1964లో రాసిన రెండు చిన్న పేపర్లే 2013లో ఆయనకు నోబెల్ తెచ్చాయి. ఆ 1964 తరువాత ఆయన రాసినవి పదికి లోపే. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పేపర్ల లెక్కలు అడిగినప్పుడల్లా "ఏమీ లేవు" అని రాసిచ్చేవాడినని, ఈ రోజుల్లో అయితే తనకు ఉద్యోగమే దొరికేది కాదని ఆయనే బహుమతి తీసుకునే ముందు ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నారు.

ఆండ్రూ వైల్స్ కథ ఇంకా తమాషా. 350 ఏళ్ళుగా మిగిలిపోయిన ఫెర్మా చివరి సిద్ధాంతం మీద 1986లో రహస్యంగా పని మొదలుపెట్టాడు. ఏడేళ్ళపాటు ఏమీ అచ్చు వేయకపోతే జనానికి అనుమానం వస్తుంది కదా. అందుకని అంతకుముందే చేసి దాచుకున్న వేరే పనిని ముక్కలు ముక్కలుగా చేసి, అప్పుడొకటి అప్పుడొకటి బయటికి వదిలాడు. చూసేవాళ్ళకు ఆయన మామూలుగా పేపర్లు వేసుకుంటున్న ప్రొఫెసరు. 1993లో రుజువు ప్రకటించి, అందులో దొరికిన లోపాన్ని 1994లో సరిదిద్ది, 1995లో అచ్చు వేశాడు. ఇక్కడ ఏటా కనిపించిన పేపర్లు అసలు పనిని కప్పిన దుప్పటి. పేపర్ల వరస చూసి పని వరస తెలుసుకోగలం అనుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఇంకో రకం ఖాళీ ఉంది. ఇతరుల పరిశోధన నడవడానికి తన పరిశోధనను పక్కన పెట్టడం. సూరి భగవంతం గారు ఆగిరిపల్లిలో పుట్టి, 1928లో కలకత్తాలో రామన్ దగ్గర చేరి, 1931లో ఆయనతో కలిసి కాంతి కణాల స్పిన్ మీద పేపరు వేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించారు. తరువాత 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా ఉపకులపతి, ఆపైన 1962 దాకా బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు, ఆపైన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఎంతమంది కుర్రవాళ్ళకు ఆయన సంతకం వల్ల ప్రయోగశాల దొరికిందో, ఆ లెక్కకు పేపర్ల పట్టికలో గడి లేదు.

మూడో రకం ఖాళీ మన ఇళ్ళల్లోది. మంగళా నార్లికర్ గారి పేరు మహారాష్ట్రలోని మనవాళ్ళకు బాగా తెలుసు. 1964లో ముంబయి విశ్వవిద్యాలయంలో లెక్కల ఎం.ఏ.లో బంగారు పతకం. మరుసటి ఏడు జయంత్ నార్లికర్ గారితో పెళ్ళి, కేంబ్రిడ్జి కాపురం, పిల్లలు, తిరిగి ముంబయి. పిహెచ్.డి. పట్టా 1981లో వచ్చింది. పతకానికి, పట్టాకు మధ్య 17 ఏళ్ళు. తరువాత లెక్కలు బోధించారు, పిల్లలకు లెక్కలంటే భయం పోయేలా పుస్తకాలు రాశారు. మన కేంద్ర ప్రభుత్వం ఈ రకం ఖాళీని గుర్తించి, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్ళు మళ్ళీ పరిశోధనలోకి రావడానికే 2002-03లో ప్రత్యేకంగా ఒక పథకం పెట్టింది. ప్రభుత్వం గుర్తించిన సంగతిని మన సంఘం గుర్తించకపోతే ఎలా?

"అవన్నీ మహానుభావుల కథలు, మామూలు పరిశోధకుల సంగతి వేరు" అని ఒక అన్న అన్నారు. సరే, మామూలువాళ్ళ సంగతే చూద్దాం. 1953లో హార్వీ లేమన్ అనే ఆయన వయసుకు, గొప్ప పనికి ఉన్న సంబంధం మీద పెద్ద పుస్తకం రాశాడు. ముప్పైలలో శిఖరం, తరువాత దిగుడు అన్న బొమ్మ అప్పటి నుంచి అందరి మనసుల్లో నాటుకుపోయింది. 2017లో కొందరు పరిశోధకులు అమెరికా, కెనడాల్లోని 205 కంప్యూటర్ సైన్స్ విభాగాల్లో పనిచేసే 2,453 మంది అధ్యాపకుల పేపర్లు ఒక్కొక్కరివిగా గీసి చూశారు. అందరినీ కలిపి సగటు తీస్తే ఆ పాత బొమ్మే వస్తోంది: మొదట గబగబా ఎక్కడం, తరువాత మెల్లగా దిగడం. కానీ విడివిడిగా చూస్తే ఆ బొమ్మకు సరిపోయినవాళ్ళు అయిదింట ఒక వంతే. మిగతావాళ్ళలో ఆలస్యంగా ఎక్కినవాళ్ళు ఉన్నారు, నిదానంగా పెరుగుతూ పోయినవాళ్ళు ఉన్నారు, ఎగుడుదిగుళ్ళవాళ్ళు ఉన్నారు. సగటు మనిషి అనేవాడు సగటులోనే ఉంటాడు, ఊళ్ళో ఉండడు.

అంతకు ముందు ఏడాది, 2016లో, ఇంకొక సంగతి తేలింది. ఒక శాస్త్రవేత్త పేపర్లన్నీ వరసగా పేర్చితే, అందులో అన్నిటికన్నా పేరు తెచ్చిన పేపరు మొదటిది కావచ్చు, మధ్యది కావచ్చు, చివరిది కావచ్చు. అన్నిటికీ అవకాశం సమానం. చిన్నవయసులోనే గొప్ప పని ఎక్కువగా కనబడడానికి కారణం, ఆ వయసులో ఎక్కువ పేపర్లు రాయడమే. రావు గారికి అది 25వ ఏట వచ్చింది. ఇంకొకరికి 55లో రావచ్చు. కాబట్టి "ఆగిపోయాడు" అని మనం చెప్పే ఏడు, ఆ మనిషి జీవితంలో ఏ ఏడో మనకు తెలియదు.

నిలకడను షరతుగా రాసిపెడితే ఏమవుతుందో మన దేశంలో ఇప్పటికే చూశాం. 2010లో యు.జి.సి. అధ్యాపకుల పదోన్నతులకు మార్కుల పద్ధతి తెచ్చింది. పేపరుకు ఇన్ని మార్కులు అని. పాఠం బాగా చెప్పే కాలేజీ మాస్టారు కూడా పేపర్లు చూపించాల్సి వచ్చింది. అడిగినచోట అమ్మేవాళ్ళు పుడతారు కదా. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2018లో యు.జి.సి. తన ఆమోద పట్టిక నుంచి ఒక్కసారే 4,305 పత్రికలను తీసేయవలసి వచ్చింది. పిహెచ్.డి.కి ముందు పేపరు అచ్చు కావాలన్న తప్పనిసరి నిబంధనను 2022లో ఎత్తేసింది. "ఏటా ఒకటి" అంటే ఏటా ఒకటి వస్తుంది. ఏది వస్తుందన్నది మాత్రం మన చేతిలో ఉండదు.

చివరగా పేర్ల గొడవ. ఇది మనకు, సరిహద్దుల ఈవల ఉన్న తెలుగువాళ్ళకు, ప్రత్యేకంగా వర్తిస్తుంది. కంప్యూటరు పట్టికలు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. రావు గారి ఇంటిపేరు కల్యంపూడి. ప్రపంచం ఆయనను "రావు" కింద వేసింది. ఆ అక్షరాలతో ఇంకెంతమంది రావులున్నారో! చెన్నైలో చదివిన మన అమ్మాయి ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి రాస్తుంది, పాస్‌పోర్టులో తండ్రి పేరు వెనకకు చేరుతుంది, పెళ్ళయ్యాక ఇంకో పేరు వస్తుంది. ఒకే మనిషి మూడు పేర్లతో మూడు చోట్ల పడితే, పట్టికలో ఆమెకు ఖాళీలు ఉన్నట్టే కనిపిస్తుంది. 2012 నుంచి ఆర్కిడ్ అని 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తున్నారు. పరిశోధనలో ఉన్న మన పిల్లలందరూ ఇవాళే అది తీసుకోండి, పాత పేపర్లన్నీ దానికి కలుపుకోండి. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మా ప్రతిపాదన. మూడో షరతును తీసేసి ఈ నాలుగు పెడదాం. ఒకటి, దరఖాస్తుదారు తన పనిలో తానే మంచిదనుకునే ఒక్క పేపరును, లేదా పేటెంటును, లేదా ఇంకా అచ్చుకాని పనిని పంపాలి. రెండు, అది ఏమిటో, ఎవరికి ఉపయోగమో మనలాంటి మామూలు మనుషులకు అర్థమయ్యేలా తెలుగులో రెండు పేజీలు రాయాలి. తెలుగు రాయడం రాకపోతే చెబితే చాలు, మేము రాసుకుంటాం. మూడు, మధ్యలో ఖాళీ ఉంటే కారణం అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళు చెబితే దాన్ని తక్కువగా చూడకూడదు. నాలుగు, ఆ శాస్త్రం తెలిసిన ఇద్దరు బయటివాళ్ళు చదివి అభిప్రాయం చెప్పాలి. మొహమాటాలకు తావుండకూడదన్న పెద్దల కోరిక ఈ నాలుగోదానితో తీరుతుంది.

ఏడాది తప్పకుండా రాసేవాళ్ళు ఈ పద్ధతిలోనూ ముందే ఉంటారు, వాళ్ళకు నష్టం లేదు. బిడ్డ పుట్టి రెండేళ్ళు ఆగిన అమ్మాయికి, తండ్రి మంచాన పడితే ఊరికి తిరిగొచ్చిన అబ్బాయికి, కంపెనీ ల్యాబులో పేరు లేకుండా పనిచేస్తున్నవాడికి మాత్రం దరఖాస్తు పెట్టుకునే వీలుంటుంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో విశాఖలో ఆగిపోయిన కుర్రవాడి పేరు మీద ఇస్తున్న బహుమతి ఇది.

వచ్చే ఆదివారం కార్యవర్గ సమావేశంలో ఇది చర్చకు వస్తుంది. ఒప్పుకునేవాళ్ళు, ఒప్పుకోనివాళ్ళు ఇద్దరూ కింద రాయండి. ముఖ్యంగా పరిశోధనలో ఉన్న మన పిల్లలు, మధ్యలో ఆపేసినవాళ్ళు రాయండి. పేరుతో రాయడం ఇబ్బందైతే మాకు విడిగా పంపండి, పేరు లేకుండా సమావేశంలో చదువుతాం.